దక్షిణ ధ్రువంలో రాహుకాలం

ముందుగా చదివేవాళ్ళకు నా క్షమాపణ. నేను అక్షరాలు దిద్దుకున్నది మనవలు బడికి పోయే వయసులో. ఒత్తు పెట్టవలసిన చోట పెట్టక, అక్కర్లేని చోట పెట్టి ఉంటే, కూరలో ఉప్పు సర్దుకున్నట్టు సర్దుకుని చదువుకోండి. నా చెయ్యి కూడా నెమ్మది. ఒక మాట రాసేలోగా పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. అందుకే పాలు దించేసి వచ్చి కూర్చున్నాను. ఇక కథ.

న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో ఆదిశేషు అని ఒక ఇంజనీరు ఉండేవాడు. వంతెనలకు లెక్కలు కట్టడం అతని ఉద్యోగం. ఆఫీసులో ఆ లెక్కలు, ఇంటికొస్తే పంచాంగం లెక్కలు. అతని ఇంట్లో గోడ గడియారానికి పెద్దగా పని ఉండేది కాదు.

రాహుకాలమంటే అందరూ క్యాలెండరులో అచ్చేసిన గంటన్నర చూసుకుని ఊరుకుంటారు. ఆదిశేషుకు అది చాలదు. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా ఉన్న పగటిని ఎనిమిది ముక్కలు చెయ్యాలి. అందులో ఒక ముక్క రాహువుది. సోమవారమైతే రెండో ముక్క, మంగళవారమైతే ఏడో ముక్క, అలా ఏ వారానికి ఆ ముక్క. న్యూజెర్సీలో వేసవి పగలు సాగుతుంది, చలికాలం పగలు ముడుచుకుంటుంది. దానితోబాటే రాహుకాలమూ సాగుతుంది, ముడుచుకుంటుంది. అందుకని అతను రోజూ పేపరులో సూర్యోదయం చూసి లెక్క కట్టి, ఫలితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించేవాడు. ఆ వేళలో ఇంట్లో ఎవరూ గడప దాటకూడదు.

కూతురు విద్య డ్రైవింగ్ టెస్టుకు వెళ్ళిన రోజున ఏమైందో ఆ ఊరి తెలుగువాళ్ళందరికీ తెలుసు. పరీక్ష పెట్టే ఆయన కారులో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. ఆదిశేషు కిటికీలోంచి తల దూర్చి, "జస్ట్ కొంచెం ఆగండి సార్, వెరీ బ్యాడ్ టైమ్" అన్నాడు. ఆయన బ్రేకులు బ్యాడ్ అనుకుని గభాలున దిగిపోయాడు. టెస్టు పోయింది. "చూశావా, రాహుకాలం అంచు తగిలింది" అన్నాడు ఆదిశేషు.

అతని భార్య భానుమతి ఇవన్నీ నవ్వుతూనే భరించేది. మనిషి మంచివాడు. కాకపోతే పంచాంగంతో సహా దొరికాడు. పెళ్ళికి ముందు అతనితో ఒక్క మాటైనా మాట్లాడి ఉంటే ఆ సంగతి ముందే తెలిసి ఉండేది కదా అని మాత్రం అప్పుడప్పుడు అనుకునేది. ఆవిడ మొగుడి ముఖం సరిగా చూసింది తలంబ్రాల వేళ. గొంతు విన్నది మూడో రోజున. అప్పుడు కూడా అతను అన్నది, "ఇప్పుడు బయలుదేరకూడదు" అని.

అందుకే విద్యకు సంబంధాలు చూడడం మొదలుపెట్టినప్పుడు భానుమతి మనసులో ఒకటే పట్టుదల. పిల్ల ముందు మాట్లాడాలి. మాట్లాడి, తన నోటితో తాను చెప్పాలి.

ఇది వెయ్యిన్ని తొమ్మిదివందల ఎనభై రెండు, వేసవి మొదట్లో మాట. విద్య ఫార్మసీ చదువు ముగించి మందుల కంపెనీలో చేరింది. వర్జీనియాలోని షాంటిలీ నుంచి గోపాల్ అనే పిల్లవాడు తండ్రి కృష్ణమూర్తిని వెంటబెట్టుకుని వచ్చి చూసి వెళ్ళాడు. వాళ్ళ కారు గేటు దాటగానే విద్య సోఫాలో కూలబడింది.

"అమ్మా, వన్ అవర్! వన్ అవర్ కారు మైలేజ్ గురించి చెప్పాడు. హైవేలో ఎంత, సిటీలో ఎంత, ఏసీ ఆన్ చేస్తే ఎంత. నా పేరు కూడా అడగలేదు."

"పేరు ముందే చెప్పాం కదే" అంది భానుమతి.

"ఏసీ ఆఫ్ చేస్తే ఎంత అన్నది కూడా చెప్పాడు."

ఆదిశేషుకు మాత్రం ఆ సంబంధం నచ్చింది. జాతకాలు కలిశాయి. పైగా వాళ్ళు సరిగ్గా రాహుకాలం ముగిశాక కారు దిగారు. "మంచీ చెడూ వేళలు తెలిసిన కుటుంబం" అన్నాడు మెచ్చుకోలుగా. నిజానికి వాళ్ళు దారి తప్పి ఆలస్యంగా వచ్చారు.

ఆ సమయంలో లూసీ ఇంకో సంబంధం తెచ్చింది. లూసీ, ఆమె భర్త సుందర్ రాజ్ పక్క వీధిలో ఉండేవాళ్ళు, బందరు వైపు క్రైస్తవులు. సుందర్ రాజ్ పూర్వం ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరు. ఇప్పుడు ఇంటి కింద బేస్‌మెంటు నిండా రేడియోలే. పెరట్లో ఆకుల్లేని కొబ్బరిచెట్టులా నిలబడ్డ ఏంటెనా. అతను మాట్లాడినప్పుడల్లా పక్కింటివాళ్ళ టీవీలో ముద్దు సీను మధ్యన "హలో హలో" అని తెలుగు గొంతు వినబడేదట. దేశాల చివర ఉన్నవాళ్ళ మాటలు రేడియోలో పట్టి, వాళ్ళ ఇళ్ళవాళ్ళకు వినిపించడం అతనికి సరదా.

"వదినా, ఒక అబ్బాయి ఉన్నాడు" అంది లూసీ. "మీవాళ్ళే. పేరు సూర్యప్రకాశ్. పీహెచ్‌డీ. వాళ్ళక్క విజయశ్రీ మన ఊళ్ళోనే ఉంటుంది. సిగరెట్టు లేదు, మందు లేదు. ఉన్నా అక్కడ దుకాణం లేదు."

"అక్కడంటే ఎక్కడ?"

"సౌత్ పోల్."

"అది ఏ స్టేటులో ఉంది?"

"స్టేటు కాదు వదినా. భూమికి అడుగు. ఆకాశం లోంచి ఏవో కిరణాలు వస్తాయట, వాటిని లెక్కపెట్టడానికి సంవత్సరం పాటు వెళ్ళాడు. ఇప్పుడు అక్కడ చలికాలం. విమానం దిగదు, ఉత్తరం వెళ్ళదు, ఫోను లేదు. మా ఆయన రేడియో ఒక్కటే దిక్కు."

ఆదిశేషు పంచాంగం పేజీలు తిరగేస్తున్నాడు. విద్య మాత్రం నోట్లోకి వెళ్తున్న చెంచా ఆపింది. "సౌత్ పోల్? రియల్లీ? ఆయనతో నేను మాట్లాడతాను. నచ్చకపోతే కోపమొచ్చి ఇంటికి రాలేడు కదా."

భానుమతి ప్రాణం లేచి వచ్చింది. పెళ్ళి మాట ఎత్తితే ఆ పిల్ల "మాట్లాడతాను" అనడం అదే మొదలు.

విజయశ్రీ తమ్ముడి కబురు తెచ్చింది. ఆదివారం పొద్దున పదింటికి రేడియో దగ్గర ఉంటాడట. ఆదిశేషు లెక్క కట్టి, ఆ వేళకు దోషం లేదని తేల్చాడు. ఆదివారం తలంట్లు పోసుకుని, విద్యకు పట్టుచీర కట్టించి, పూలు పెట్టి, స్వీట్ల డబ్బా పట్టుకుని ముగ్గురూ సుందర్ రాజ్ ఇంటికి వెళ్ళారు. తలుపుకు తాళం వేసి ఉంది. మెట్ల మీద కూర్చుని చాలాసేపు చూశారు. పట్టుచీరలో విద్యను చూసి దారినపోయే కుక్క కూడా ఆగి చూసింది.

మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చిన సుందర్ రాజ్ కారు దిగుతూనే నెత్తి కొట్టుకున్నాడు. "నిన్న సాయంత్రం ఏమయ్యారండీ? మీ ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆ అబ్బాయి అక్కడ గొంతు పోయేలా పిలిచాడు. పాపం, నీళ్ళకు కరువైన చోటు. వారానికి రెండు స్నానాలే ఇస్తారు. ఒకటి మీ కోసం వాడేశాడు."

"నిన్నేమిటండీ? ఆదివారం అన్నారు కదా?" అన్నాడు ఆదిశేషు.

"అతనికి నిన్ననే ఆదివారం."

"మరి ఈ రోజు?"

"ఈ రోజు సోమవారం. ఈ పాటికి చక్కగా నిద్రపోతుంటాడు."

ఆదిశేషు మెట్ల మీద మళ్ళీ కూర్చున్నాడు. భానుమతికి మొగుడి ముఖం చూసి నవ్వొచ్చింది గాని, పట్టుచీర ముడతలు చూసి మింగేసింది.

లూసీ లోపలి నుంచి పుచ్చకాయ తెచ్చింది, కోసి పెట్టడానికి. సుందర్ రాజ్ అది లాక్కున్నాడు. "చూడండి ఆదిశేషు గారూ. ఈ చారల మధ్య ఖాళీలున్నాయే, అవి టైమ్ జోన్లు అనుకోండి. ఒకటి మనది, ఒకటి ఇండియాది. అన్నీ ఎక్కడ కలిశాయి? తొడిమ దగ్గర. ఆ అబ్బాయి ఉన్నది తొడిమ దగ్గర. అక్కడ ఏ ఊరి టైమైనా తప్పు కాదు, ఏదీ ఒప్పూ కాదు."

"అయితే ఏ టైము పెట్టుకుంటారు?"

"న్యూజిలాండ్ టైము. వాళ్ళ విమానాలు ఆ వైపు నుంచి వస్తాయి. ఉప్పూ పప్పూ అన్నీ అటు నుంచే."

"అంతేగా మరి" అంది లూసీ. "అన్నం పెట్టేవాళ్ళ గడియారమే గడియారం. మా అత్తగారింట్లోనూ అదే లెక్క."

ఆ రాత్రి భోజనాల వేళ షాంటిలీ నుంచి కృష్ణమూర్తి ఫోన్ చేశాడు. హ్యూస్టన్‌లో ఇంకెవరో తమను అడుగుతున్నారని, వచ్చే శనివారం రాత్రి మళ్ళీ ఫోన్ చేస్తానని, అవునో కాదో అప్పుడు తేల్చెయ్యమని చెప్పాడు. ఆదిశేషు సరేనన్నాడు.

"అయితే ఆ అబ్బాయి ఆదివారం పదింటికి, అంటే మన శనివారం సాయంత్రం ఆరింటికి, పిల్ల అతనితో మాట్లాడుతుంది. ఆ తరవాత కృష్ణమూర్తి గారికి చెబుదాం" అంది భానుమతి.

"కుదరదు" అన్నాడు ఆదిశేషు. పేపరు మీద ఏదో గీసుకుంటున్నాడు. "నేను కనుక్కున్నాను. అక్కడ మార్చిలో పొద్దు గుంకిందట. మళ్ళీ పొడిచేది సెప్టెంబరులోనట. అంటే ఇప్పుడు రాత్రి. చీకటి పడ్డాక పెళ్ళి మాట మొదలుపెట్టడం మా ఇంటా వంటా లేదు."

"ఇక్కడ ఎండ ఉంటుందిగా అప్పుడు!"

"మాట రెండు వైపులదీ కదటే. అటువైపు తెల్లవారనీ."

"తెల్లవారడానికి మూడు నెలలండీ!"

"మరి ఆ చోటు అలాంటిది. నన్నేం చెయ్యమంటావు?"

భానుమతి ఆ రాత్రి గిన్నెలన్నీ కావలసిన దానికన్నా గట్టిగా తోమింది. సెప్టెంబరు వచ్చేసరికి పిల్ల షాంటిలీలో ఏసీ ఆన్, ఏసీ ఆఫ్ లెక్కలు వింటూ కూర్చుంటుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, ఎన్ని విధాల చెప్పినా మొగుడు కదలడు. ప్రయత్నం మాత్రం మానలేదు. సోమవారం చారు పెట్టలేదు. మంగళవారం పెరుగు తోడెయ్యలేదు. బుధవారం అతను చారు లేని అన్నమే తిని, "కడుపు తేలిగ్గా ఉంది" అన్నాడు.

గురువారం విద్య తండ్రి పక్కన కూర్చుంది. "నాన్నా, ఓకే. సెప్టెంబరు దాకా ఆగుదాం. బట్ అప్పుడు రాహుకాలం ఎప్పుడొస్తుంది?"

"రోజూ వచ్చేదే కదమ్మా."

"రోజూ కాదు నాన్నా. అక్కడ పగలు ఒక్కటే. సిక్స్ మంత్స్. దాన్ని ఎనిమిది ముక్కలు చెయ్యి."

ఆదిశేషు పెన్సిలు ఆగిపోయింది. పేపరు మీద గీశాడు. కొట్టేశాడు. మళ్ళీ గీశాడు. తరవాత గాలి పీల్చుకుని, "మూడు వారాలు!" అన్నాడు. "భానూ! అక్కడ ఒక్క రాహుకాలం మూడు వారాల పైన ఉంటుంది!"

"పాపం, మూడు వారాలు గడప దాటకుండా కూర్చుంటారా?" అంది భానుమతి వంటింట్లోంచి.

ఆదిశేషు వినిపించుకోలేదు. వంతెన కూలబోతోందని కబురొచ్చినట్టుంది అతని ముఖం. "ఏ ముక్క అన్నది పొద్దు పొడిచిన వారాన్ని బట్టి ఉంటుంది. లెక్క ప్రకారం అక్కడ పొద్దు పొడిచేది మనకు సెప్టెంబరులో ఒక సోమవారం నాడు. సోమవారమైతే రెండో ముక్క. అంటే అక్టోబరు నడుమ నుంచి నవంబరు మొదటి దాకా." గబగబా విజయశ్రీకి ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేసి గది మధ్యలో నిలబడ్డాడు. "అతన్ని తీసుకొచ్చే మొదటి విమానం సరిగ్గా అప్పుడేనట!"

"మనకు సోమవారమైతే అక్కడ మంగళవారం కదా నాన్నా" అంది విద్య.

"అదే కదే నేనూ అడుగుతున్నది! మంగళవారమైతే ఏడో ముక్క, ఫిబ్రవరికి పోతుంది, ప్రమాదం లేదు. సోమవారమా, మంగళవారమా? ఇది తేలాలి. ఆ పిల్లవాడు రాహుకాలంలో విమానం ఎక్కితే ఎలా? అతన్నే అడగాలి. శనివారం ఎన్నింటికన్నారు? ఆరింటికేనా?"

"అక్కడ రాత్రి కదండీ?" అంది భానుమతి, నవ్వు ఆపుకుంటూ.

"ఇది పెళ్ళి మాట కాదు. లెక్క" అన్నాడు ఆదిశేషు. ఆ రోజు చారు పెట్టింది భానుమతి.

శనివారం సాయంత్రం సుందర్ రాజ్ బేస్‌మెంటు పెళ్ళివారి విడిదిలా ఉంది. లూసీ గారెలు వేసింది. విజయశ్రీ వచ్చింది. విద్య ఈసారి పట్టుచీర కట్టనని, మామూలు చుడీదార్‌లో వచ్చింది. "ఎలాగూ కనబడను కదా" అంది గాని, కాటుక మాత్రం శ్రద్ధగా పెట్టుకుంది. అది భానుమతి చూసింది, చూడనట్టు ఊరుకుంది.

సుందర్ రాజ్ రూల్సు చెప్పాడు. "ఇది ఫోన్ కాదు. ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం కుదరదు. మీ మాట అయిపోయాక 'ఓవర్' అనాలి. అప్పుడు నేను స్విచ్ వేస్తాను, అవతల గొంతు వినబడుతుంది. ఓవర్ అనకపోతే తెల్లవార్లూ మీరే మాట్లాడుకోవాలి. ఇంకో సంగతి. ఇది అందరూ వింటారు. అక్కడ స్టేషన్లో ఉన్నవాళ్ళకి వేరే సినిమా లేదు, అందరూ చుట్టూ కూర్చుంటారు. సిగ్నల్ ఎంతసేపుంటుందో దేవుడికే తెలియాలి, తొందరగా కానివ్వండి."

గరగర, ఈల, సముద్రం హోరు లాంటిది ఒకటి. అందులోంచి గాలిపటంలా ఒక గొంతు పైకి లేచింది. "నమస్కారమండీ. నేను సూర్యప్రకాశ్‌ని. ఈసారైనా ఉన్నారా? ఓవర్."

భానుమతి చెయ్యి తెలియకుండానే నమస్కారం పెట్టింది. విద్య కుర్చీ అంచుకు జరిగింది. మైకు మాత్రం ఆదిశేషు పట్టుకున్నాడు.

"బాబూ, నేను విద్య తండ్రిని. నీకు పొద్దు ఏ వారం పొడుస్తుంది?" అని, స్విచ్ మీద వేలు పెట్టి చూస్తున్న సుందర్ రాజ్ కేసి కూడా చూడకుండా, పగలు, ఎనిమిది ముక్కలు, సోమవారం, రెండో ముక్క, విమానం, అన్నీ మొదటి నుంచి చెప్పుకుపోయాడు. చేతులు తిప్పి గాలిలో భూమిని గీశాడు. లూసీ రెండో వాయి గారెలు తెచ్చింది.

"ఓవర్ అనండి సార్, ఓవర్" అన్నాడు సుందర్ రాజ్.

"ఆ, ఓవర్."

కాసేపు హోరు. తరవాత, "అద్భుతమైన ప్రశ్న అండీ!" అన్నాడు సూర్యప్రకాశ్. "నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. ఇక్కడ మంచులో ఒక కర్ర పాతారు, అదే ధ్రువం. దాని చుట్టూ ఒక రౌండు తిరిగితే అన్ని దేశాల టైములూ దాటేస్తాం. కర్రకు ఇటు నిలబడితే మీ సోమవారం, అటు నిలబడితే మంగళవారం. మీకు ఏది మంచిదో చెప్పండి. ఆ పక్కన నిలబడి సూర్యుణ్ణి చూస్తాను. ఓవర్."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అన్నారా! ఆదిశేషు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతని లెక్కను ఇంత మర్యాదగా అందుకున్న మనిషి ఇన్నేళ్ళలో ఇంకొకడు లేడు.

"మంగళవారం! మంగళవారం వైపు నిలబడు అల్లుడూ!" అని అరిచాడు.

బేస్‌మెంటులో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. విద్య, "నాన్నా!" అంది. ఆదిశేషుకు తను ఏమన్నాడో తెలియనే లేదు. "అయితే బాబూ, ఇంకో సందేహం. అమావాస్య ఏ లెక్కన చేస్తారక్కడ? ఏకాదశి..."

హోరు పెద్దదవుతోంది. సుందర్ రాజ్ ముఖం మారింది. "సిగ్నల్ పోతోందండీ. అమ్మాయికి ఇవ్వండి."

"ఒక్క ప్రశ్న. ఏకాదశి ఉపవాసం చేస్తే పారణ ఎప్పుడు? సూర్యోదయం లేకుండా..."

భానుమతి గోడ గడియారం చూసింది. ఈ ఏకాదశి ముగిసేసరికి పిల్ల బతుకు షాంటిలీలో తెల్లవారుతుంది. పాతికేళ్ళలో ఆవిడ మొగుడి మాటకు ఎన్నడూ అడ్డు రాలేదు. ఇప్పుడూ రాలేదు. మాట అతనిదే. ఆవిడ వంగి, అతని భుజం మీదుగా మైకు దగ్గర నోరు పెట్టి, ఇంటి కప్పు ఎగిరిపోయేలా, "ఓవర్!" అంది.

సుందర్ రాజ్ టక్కున స్విచ్ వేశాడు. ఆదిశేషు నోరు తెరిచే ఉంది. భానుమతి అతని చేతిలోంచి మైకు తీసి కూతురి చేతిలో పెట్టింది. అతని నోట్లో ఒక గారె పెట్టింది.

"ఎవరండీ అది? ఓవర్" అన్నాడు సూర్యప్రకాశ్.

"మా అమ్మ. నేను విద్యని." పిల్ల మైకు రెండు చేతులా పట్టుకుంది. "ఫస్ట్ క్వశ్చన్. మీ కారు మైలేజ్ ఎంత? ఓవర్."

భానుమతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇదేం ప్రశ్నే తల్లీ!

"ఇక్కడ ఒక ట్రాక్టర్ ఉందండీ. చలికి ఆఫ్ చేస్తే మళ్ళీ స్టార్ట్ అవదని రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంచుతాం. కదలకుండానే తాగేస్తుంది. మైలేజ్ అడిగితే మా మెకానిక్ ఏడుస్తాడు. ఓవర్."

విద్య పకపక నవ్వింది. ఓవర్ అనడం మరిచి నవ్వింది. సుందర్ రాజ్ అయినా స్విచ్ వేశాడు.

"నేనొకటి అడగవచ్చా?" అన్నాడు సూర్యప్రకాశ్. హోరులో గొంతు మునిగి తేలుతోంది. "మీ దగ్గర ఇప్పుడు ఎండ ఉందా? ఓవర్."

బేస్‌మెంటుకు పైన ఒక చిన్న కిటికీ. విద్య కుర్చీ ఎక్కి చూసింది. "ఉంది. పక్కింటి ఆంటీ బట్టలు ఆరేసింది. రెడ్ టవల్ మీద పడింది ఎండ. గడ్డి మీద ఏంటెనా నీడ పొడుగ్గా పడింది. ఒక పిల్లి ఆ నీడ మీద పడుకుంది. కాదు, ఇప్పుడు లేచింది, ఎండలోకి వెళ్ళి పడుకుంది. ఓవర్."

అవతల ఏమీ వినబడలేదు. పోయింది కాబోలనుకున్నారు. తరవాత మెల్లగా, "ఇక్కడ అందరూ ఏమందని అడిగారండీ. చెప్పాను. మళ్ళీ చెప్పమంటున్నారు. పిల్లి దాకా. ఓవర్."

విద్య ఈసారి ఇంగ్లీషులో, టవలు నుంచి పిల్లి దాకా అంతా మళ్ళీ చెప్పింది. లూసీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆదిశేషు గారె నమలడం ఆపాడు.

"వచ్చే వారం కూడా మాట్లాడతారా? ఓవర్" అంది విద్య.

"మాట్లాడతాను. మీ శనివారమా, నా ఆదివారమా? ఓవర్."

"రెండూ. ఐ మీన్... నాకు ఓకే. అన్నీ ఓకే. మీకు? ఓవర్." చెప్పేసి మైకు వేడి గిన్నెలా బల్ల మీద పెట్టేసింది.

హోరు. ఈల. "నాకు..." అని వినబడింది. ఆ పైన గరగర తప్ప ఏమీ లేదు.

సుందర్ రాజ్ అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. భానుమతి రెండు చేతులూ కట్టుకుని నిలబడింది. విద్య కుర్చీ దిగలేదు. కిటికీ వైపే చూస్తోంది. ఆదిశేషు గారె మింగి, "నాకు అంటే? నాకు ఏమిటి? ఇష్టమనా, వద్దనా?" అన్నాడు. అంతలో ఇంకో గొంతు, చాలా దగ్గరగా, ఇంగ్లీషులో వినబడింది. ఒహాయో నుంచి ఎవరో రేడియో పెద్దాయన, తన రేడియోలో అదే ఫ్రీక్వెన్సీ పెట్టుకుని వింటున్నాడట.

"మీ భాష నాకు ఒక్క ముక్క తెలియదు, క్షమించాలి" అన్నాడు. "నా ఏంటెనాకు ఆ పోల్ వాళ్ళు ఇంకా వినబడుతున్నారు. ఆ పిల్లవాడు ఒకే మాట నాలుగైదుసార్లు అరుస్తున్నాడు. 'ఇష్టమే, ఇష్టమే' అని. వెనక అందరూ గిన్నెలు వాయిస్తున్నారు. దాని అర్థం నేననుకున్నదేనా?"

లూసీ ప్రభువుకు స్తోత్రం చెప్పింది. విజయశ్రీ విద్యను కుర్చీ మీద నుంచి దించి కౌగిలించుకుంది. భానుమతి ఆ ఒహాయో పెద్దాయనకు గారెలు ఎలా పంపాలా అని ఆలోచించింది.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పేసరికి ఫోన్ మోగుతోంది. షాంటిలీ కృష్ణమూర్తి. ఆదిశేషు ఫోన్ ఎత్తాడు. భానుమతి అతని పక్కనే నిలబడింది. అవసరమైతే ఓవర్ అనడానికి సిద్ధంగా ఉంది.

"క్షమించాలి కృష్ణమూర్తి గారూ" అన్నాడు ఆదిశేషు. "మా అమ్మాయికి వేరే సంబంధం కుదిరిపోయింది."

అవతల ఆయన గొంతు గదంతా వినబడింది. "కుదిరిపోయిందా? వారం క్రితం ఆ మాటే అనలేదు కదండీ! ఎప్పుడు కుదిరింది?"

ఆదిశేషు అబద్ధమాడే మనిషి కాదు. గడియారం చూశాడు. వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. అల్లుడు ఇష్టమన్నది ఆదివారం పొద్దున. ఇక్కడ ఇంకా శనివారమే.

"రేపు పొద్దునే కుదిరిందండీ" అన్నాడు.

గుడిసేవ వసంతకుమారి
డెబ్భై ఆరేళ్ళు
ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ